పాత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్‌లో కాంపొనెంట్ రిజిస్ట్రేషన్ దోషాలు

విండోస్ కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్‌కు అవసరమైన డీఎల్ఎల్, ఓసీఎక్స్ వంటి ఫైళ్ల వివరాలు రిజిస్ట్రీలోకి సరిగా ఎక్కనప్పుడు వచ్చే లోపాలను కాంపొనెంట్ రిజిస్ట్రేషన్ దోషాలు అంటారు. ఇన్‌స్టలేషన్ సగంలో ఆగిపోవచ్చు. పూర్తయినట్టే కనిపించి, ప్రోగ్రామ్ తెరవగానే దోష సందేశం రావచ్చు. ఒక మెనూ నొక్కినప్పుడో, రిపోర్టు ప్రింట్ తీయబోయినప్పుడో మాత్రమే లోపం బయటపడే సందర్భాలూ ఉన్నాయి. 1990ల మధ్య నుంచి 2000ల చివరి దాకా విజువల్ బేసిక్, విజువల్ సీ++, డెల్ఫీలతో రాసిన ప్రోగ్రామ్‌లను ఇప్పటి 64 బిట్ విండోస్‌లో ఎక్కించేటప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ.

ఆ తరం ప్రోగ్రామ్‌లు ఇంకా వాడుకలోనే ఉన్నాయి. ప్రయోగశాలల్లోని కొలత పరికరాలు, కర్మాగారాల్లోని యంత్రాలు తమతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో తప్ప మాట్లాడవు. దుకాణాలు, గ్రంథాలయాలు, ఆసుపత్రుల లెక్కల కోసం స్థానిక ప్రోగ్రామర్లు రాసిచ్చిన ప్యాకేజీలకు కొత్త రూపం రాలేదు. హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో విజువల్ బేసిక్ నేర్చుకుని వచ్చిన ఒక తరం అలాంటి ప్యాకేజీలు ఎన్నో రాసింది. రాసినవారు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. సీడీ మిగిలింది, అందులోని డేటా మీద ఆధారపడినవారూ మిగిలారు.

ఈ దోషాల విషయంలో మొదట గ్రహించాల్సింది ఒకటుంది. సందేశంలో పేరు కనిపించే ఫైలు చాలాసార్లు నిర్దోషి. అది వెతుక్కుంటున్న మరో ఫైలు లేకపోవడమో, దాన్ని నమోదు చేస్తున్నవారికి హక్కు లేకపోవడమో, నమోదు ఒకచోట జరిగి వెతుకులాట ఇంకోచోట జరగడమో అసలు కారణం అవుతుంది. అది తేలకుండా అదే ఫైలును ఇంకోచోటి నుంచి తెచ్చి వేస్తూ పోతే చిక్కు ఇంకా బిగుస్తుంది.

నేపథ్యం

ఒక ప్రోగ్రామ్‌లోని భాగాన్ని ఇంకో ప్రోగ్రామ్ వాడుకునే వీలు కోసం మైక్రోసాఫ్ట్ 1990లో ఓఎల్ఈ అనే పద్ధతిని తెచ్చింది. 1993లో వచ్చిన దాని రెండో రూపానికి పునాదిగా కాంపొనెంట్ ఆబ్జెక్ట్ మోడల్, అంటే కామ్, రూపొందింది. 1996లో ఈ సాంకేతికతలకే యాక్టివ్‌ఎక్స్ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. 1998లో విడుదలైన విజువల్ బేసిక్ 6 దాన్ని సామాన్య ప్రోగ్రామర్ చేతికి అందించింది. క్యాలెండర్, గ్రిడ్, గ్రాఫ్, ట్రీవ్యూ, ఏది కావాలన్నా ఒక ఓసీఎక్స్ ఫైలును ఫారమ్ మీదికి లాగి పెట్టుకుంటే సరిపోయేది.

కామ్ పద్ధతిలో ప్రోగ్రామ్ తనకు కావలసిన భాగాన్ని ఫైలు పేరుతో అడగదు. ఆ భాగానికి కేటాయించిన 128 బిట్ల గుర్తింపు సంఖ్యతో అడుగుతుంది. ఆ సంఖ్య ఏ ఫోల్డర్‌లోని ఏ ఫైలుదో విండోస్ తన రిజిస్ట్రీలో చూసి చెబుతుంది. రిజిస్ట్రీ 1992లో విండోస్ 3.1తో వచ్చింది, మొదట్లో దాని ముఖ్యమైన పని ఇదే. భూమి కళ్లెదుట ఉన్నా అడంగల్‌లో పేరు ఎక్కకపోతే కార్యాలయం దృష్టిలో ఆ రైతుకు భూమి లేనట్టే. అలాగే ఫైలు డిస్కులో ఉన్నా రిజిస్ట్రీలో పద్దు లేకపోతే విండోస్ దృష్టిలో ఆ కాంపొనెంట్ లేనట్టే.

నమోదు జరిగే తీరు

కామ్ ఫైలు తన వివరాలను తానే రిజిస్ట్రీలో రాసుకునేలా కట్టారు. అందుకోసం ప్రతి ఫైలులో డీఎల్ఎల్‌రిజిస్టర్‌సర్వర్ అనే ఫంక్షన్ ఉంటుంది. రెగ్‌ఎస్‌వీఆర్32 అనే చిన్న ప్రోగ్రామ్ ఆ ఫైలును మెమరీలోకి ఎక్కించి, ఆ ఫంక్షన్ ఎక్కడుందో వెతికి, దాన్ని నడుపుతుంది. దాని పని అంతే. అది ఫైలును బాగుచేయదు, కాపీ చేయదు, లోటును పూరించదు.

ఏ మెట్టు దగ్గర తప్పిందో తెలిస్తే కారణంలో సగం తేలినట్టే. ఫైలు మెమరీలోకే ఎక్కకపోతే ‘మాడ్యూల్ లోడ్ కాలేదు’ అన్న అర్థమిచ్చే సందేశం వస్తుంది, రెగ్‌ఎస్‌వీఆర్32 తిరిగిచ్చే సంఖ్య 3. ఎక్కింది గానీ నమోదు ఫంక్షన్ దొరకలేదంటే ఆ సంఖ్య 4. ఫంక్షన్ దొరికి, నడిచి, పని చేయలేక వెనుదిరిగితే 5. మూడూ వేర్వేరు జబ్బులు. చాలా ఇన్‌స్టలేషన్ ప్రోగ్రామ్‌లు రెగ్‌ఎస్‌వీఆర్32ను సందేశాలు చూపించని మౌన పద్ధతిలో నడుపుతాయి కాబట్టి ఈ తేడా వాడుకరి దాకా రాదు. విరుగుడు సులువు: కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, మౌన పద్ధతి లేకుండా ఆ ఒక్క ఫైలునే చేత్తో నమోదు చేసి చూడాలి. సందేశం పూర్తిగా కనిపిస్తుంది.

సందేశాలు, సంఖ్యలు

విజువల్ బేసిక్ ప్రోగ్రామ్‌లలో తరచుగా కనిపించేవి రెండు. 339 నంబరు దోషం, ఫలానా ఓసీఎక్స్ గానీ అది ఆధారపడ్డ ఫైళ్లలో ఒకటి గానీ సరిగా నమోదు కాలేదని చెబుతుంది. 429, యాక్టివ్‌ఎక్స్ కాంపొనెంట్ ఆబ్జెక్ట్‌ను సృష్టించలేకపోయిందని చెబుతుంది. మిగతా భాషల్లో దీనికి దగ్గరది 80040154, అంటే ‘క్లాస్ నాట్ రిజిస్టర్డ్’.

విండోస్ ఇన్‌స్టాలర్ ద్వారా వచ్చే ప్యాకేజీలలో 1904 దోషం పేరుమోసింది. దాని పక్కనే -2147024770 లాంటి ఒక పెద్ద రుణసంఖ్య కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది బెదిరిపోయి మూసేస్తారు, కానీ అసలు సమాచారం అందులోనే ఉంది. ఈ వరస సంఖ్యలకు 2147024896 కలిపితే విండోస్ సొంత దోష సంఖ్య బయటపడుతుంది. పై ఉదాహరణలో వచ్చేది 126: కావలసిన మాడ్యూల్ దొరకలేదు. -2147024891 అయితే 5: అనుమతి లేదు. -2147024769 అయితే 127: ఫైలు ఉంది, అందులో కావలసిన ఫంక్షన్ లేదు, సాధారణంగా వెర్షన్ తేడా. -2147024703 అయితే 193: ఫైలు ఈ రకం విండోస్‌కు చెందినది కాదు, లేదా పాడైంది. -2147010895 అయితే 14001: సైడ్ బై సైడ్ అమరిక తప్పింది, చాలావరకు సరైన విజువల్ సీ++ రన్‌టైమ్ ప్యాకేజీ లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ హెల్ప్‌మెసేజ్’ ఆజ్ఞ ఇచ్చి 126, 5 వంటి సంఖ్యను పక్కన పెడితే విండోస్ దాని అర్థాన్ని చెబుతుంది.

ఆధారపడే ఫైళ్లు

126 సంఖ్య వచ్చిందంటే పేరున్న ఫైలు లేదని కాదు. ఆ ఫైలు డిస్కులోనే ఉండవచ్చు, దానికి కావలసిన ఇంకో ఫైలు లేకపోవచ్చు. విజువల్ సీ++ 6తో చేసిన ఓసీఎక్స్‌కు ఎంఎఫ్‌సీ42 అనే డీఎల్ఎల్ కావాలి. అది విండోస్‌తోనే వస్తుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. విజువల్ సీ++ 2003తో చేసినదానికి ఎంఎఫ్‌సీ71, ఎంఎస్‌వీసీఆర్71 కావాలి. అవి విండోస్‌తో రావు, ప్రోగ్రామ్ తనతో తెచ్చుకోవాలి. ప్రోగ్రామర్ తొందరలో పరీక్షల కోసం చేసుకున్న డీబగ్ ప్రతినే సీడీలో పెట్టేస్తే, పేరు చివర డి అక్షరం ఉన్న డీఎల్ఎల్‌ల కోసం అది వెతుకుతుంది. అవి ప్రోగ్రామింగ్ పరికరాలున్న కంప్యూటర్‌లోనే ఉంటాయి, ఇతరులకు పంచే హక్కు కూడా లేదు. అలాంటి సీడీ రాసినవారి కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా నడవదు.

విజువల్ బేసిక్ 6 ప్రధాన రన్‌టైమ్ ఇప్పటి విండోస్‌లోనూ ఉంది. ఆ ప్రోగ్రామింగ్ వాతావరణానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్‌లో ముగిసినా, రన్‌టైమ్‌ను మాత్రం విండోస్‌తో పాటు కొనసాగిస్తోంది. అయితే ఎంఎస్‌కామ్‌సీటీఎల్, కామ్‌డీఎల్‌జీ32 వంటి అదనపు ఓసీఎక్స్‌లు విండోస్‌లో భాగం కావు. 339 దోషం ఎక్కువగా వచ్చేది వీటి గురించే.

దేనికి ఏది కావాలో చూపించే పాత పరికరం డిపెండెన్సీ వాకర్. దాని చివరి రూపం 2006 నాటిది కాబట్టి కొత్త విండోస్‌లోని అంతర్గత పేర్లను గుర్తించలేక, లేని లోటును ఉన్నట్టు చూపిస్తుంది. దాని స్థానంలో వచ్చిన డిపెండెన్సీస్ అనే ఓపెన్ సోర్స్ పరికరం ఈ విషయంలో నయం.

32, 64: రెండు లోకాలు

64 బిట్ విండోస్‌లో వచ్చే రిజిస్ట్రేషన్ తికమకలకు మూలం ఒక్క నియమంలో ఉంది: 64 బిట్ ప్రాసెస్ 32 బిట్ డీఎల్ఎల్‌ను తనలోకి ఎక్కించుకోలేదు, 32 బిట్ ప్రాసెస్ 64 బిట్‌దాన్ని ఎక్కించుకోలేదు. రెండింటినీ వేరుగా ఉంచడానికి విండోస్ రెండు సిస్టమ్ ఫోల్డర్లు, రిజిస్ట్రీలో రెండు విభాగాలు నడుపుతుంది. 64 బిట్ ఫైళ్లు సిస్టమ్32 ఫోల్డర్‌లో, 32 బిట్ ఫైళ్లు సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంటాయి. పేర్లు తిరగబడ్డట్టు కనిపిస్తాయి గానీ పొరపాటు కాదు. సిస్టమ్32 అన్న పేరును లెక్కలేనన్ని ప్రోగ్రామ్‌లు తమలో నేరుగా రాసుకున్నాయి కాబట్టి, 64 బిట్‌కు మారినప్పుడు అవి తప్పిపోకుండా ఆ పేరును అలాగే ఉంచారు.

పాత 32 బిట్ సెటప్ ఒక ఓసీఎక్స్‌ను సిస్టమ్32లో పెట్టమంటుంది. విండోస్ దాన్ని చడీచప్పుడు లేకుండా సిస్‌వావ్64కు మళ్లిస్తుంది. సెటప్‌కు ఈ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తర్వాత వాడుకరి 64 బిట్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సిస్టమ్32లోని ఆ ఫైలును నమోదు చేయబోతే ఫైలే లేదంటుంది. అప్పుడతను ఫైలును తెచ్చి సిస్టమ్32లో వేస్తాడు. అది 32 బిట్ ఫైలు కాబట్టి అక్కడ ఉన్నా ప్రయోజనం లేదు: 32 బిట్ రెగ్‌ఎస్‌వీఆర్32 ఆ దారిలో వెతికితే మళ్లీ సిస్‌వావ్64కే మళ్లిపోతుంది. సరైన పద్ధతి: 32 బిట్ ఫైలు సిస్‌వావ్64లో ఉండాలి, నమోదు కూడా అదే ఫోల్డర్‌లోని రెగ్‌ఎస్‌వీఆర్32తో, అడ్మినిస్ట్రేటర్ హక్కుతో చేయాలి. ఆ నమోదు రిజిస్ట్రీలో వావ్6432నోడ్ అనే భాగంలో పడుతుంది. రిజిస్ట్రీ ఎడిటర్‌లో వెతికేటప్పుడు అక్కడ చూడకుండా ‘లేదు’ అనుకోకూడదు.

ఇదే కారణంతో వచ్చే ఇంకో ప్రసిద్ధ సందేశం, జెట్ ఓఎల్ఈడీబీ 4.0 ప్రొవైడర్ ఈ కంప్యూటర్‌లో నమోదు కాలేదన్నది. పాత యాక్సెస్ ఎండీబీ ఫైళ్లను తెరిచే ప్రోగ్రామ్‌లను కొత్త సర్వర్‌కు మార్చినప్పుడు వస్తుంది. ప్రొవైడర్ విండోస్‌లో ఉంది, నమోదూ అయి ఉంది, కానీ 32 బిట్ రూపంలో మాత్రమే. దానికి 64 బిట్ రూపం లేనే లేదు. అడుగుతున్న ప్రోగ్రామ్ 64 బిట్‌గా నడుస్తుంటే దానికి ఆ నమోదు కనిపించదు. ఇక్కడ మార్చాల్సింది ప్రోగ్రామ్ నడిచే తీరు: వెబ్ సర్వర్ అయితే ఆ అప్లికేషన్ పూల్‌లో 32 బిట్ ప్రోగ్రామ్‌లకు అనుమతి ఇవ్వాలి, సొంత ప్రోగ్రామ్ అయితే 32 బిట్‌గా మళ్లీ కంపైల్ చేయాలి. ఆ సందేశం చూసి రోజంతా డీఎల్ఎల్‌ల వేటలో గడిపినవారి మీద జాలి కలుగుతుంది, ఎందుకంటే ఆ సందేశపు వాక్యమే మనిషిని తప్పు దారి పట్టిస్తుంది. 64 బిట్ ఎక్సెల్‌లో పాత ఫారమ్‌లలోని 32 బిట్ ఓసీఎక్స్‌లు తెరుచుకోకపోవడానికీ కారణం ఇదే. పాత క్యాలెండర్ కంట్రోల్ ఎంఎస్‌క్యాల్‌ను మాత్రం ఆఫీస్ 2010 నుంచి పూర్తిగా తొలగించారు.

16 బిట్ కథ వేరు. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రామ్‌లు అసలు నడవవు. 1990ల చివరి సీడీలలో ప్రోగ్రామ్ 32 బిట్‌దే అయినా సెటప్ మాత్రం 16 బిట్‌ది అయ్యేది. అప్పటి ఇన్‌స్టాల్‌షీల్డ్ వంటి కొన్ని సెటప్‌లను విండోస్ గుర్తుపట్టి వాటి బదులు 32 బిట్ రూపాన్ని నడుపుతుంది. గుర్తుపట్టని వాటికి ఆ సదుపాయం లేదు. విండోస్ 10తో 32 బిట్ విండోస్ కాలం ముగిసింది. విండోస్ 11 64 బిట్‌లోనే వచ్చింది.

అనుమతులు

విండోస్ విస్టాకు ముందు ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటర్ హక్కులతోనే పని చేసేవారు. పాత సెటప్‌లు ఆ ధీమాతోనే తయారయ్యాయి. విస్టా నుంచి యూజర్ అకౌంట్ కంట్రోల్ వచ్చాక, అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఉన్నా ప్రోగ్రామ్‌కు ఆ హక్కు ప్రత్యేకంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే 80070005 గానీ, టైప్ లైబ్రరీ రాయబోయిన చోట 8002801సి గానీ వస్తుంది. సెటప్ ఫైలు మీద కుడి బటన్ నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకుంటే ఈ రకం దోషాల్లో అధిక భాగం తీరిపోతాయి.

హక్కులు పెంచుకోవడంతో కొత్త చిక్కు వచ్చే చోటూ ఒకటుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లోని ఫోల్డర్‌ను ఒక డ్రైవ్ అక్షరంతో తగిలించుకుని, అక్కడి నుంచి సెటప్ నడిపితే, అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రాసెస్‌కు ఆ డ్రైవ్ కనిపించదు. ఫైళ్లను ముందు సొంత డిస్కులోకి కాపీ చేసుకోవాలి.

మరో కారణం భద్రతా సాఫ్ట్‌వేర్. రెగ్‌ఎస్‌వీఆర్32ను అడ్డుపెట్టుకుని హానికర కోడ్‌ను నడిపే పద్ధతి 2016లో వెలుగులోకి వచ్చాక, సంస్థల కంప్యూటర్లలో దాని మీద నిఘా, నిషేధం పెరిగాయి. అలాంటి చోట ఐటీ విభాగాన్ని అడిగి చేయించుకోవడమే దారి. నిషేధాన్ని తప్పించుకునే ఉపాయాలు వెతకడం సరికాదు.

విజువల్ బేసిక్ సెటప్‌ల ప్రత్యేక బాధలు

విజువల్ బేసిక్ 6తో వచ్చిన ప్యాకేజ్ అండ్ డిప్లాయ్‌మెంట్ విజార్డ్ తయారుచేసిన సెటప్‌లు ఎక్కువగా మొండికేస్తాయి. వాటిలో సెటప్.ఎల్ఎస్‌టీ అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లాలో, దేన్ని ఎలా నమోదు చేయాలో అందులో వరుసగా ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో దాన్ని చదివితే సెటప్ ఏం చేయబోతోందో ముందే తెలుస్తుంది. ఇంత విలువైన ఆధారాన్ని ఎవరూ తెరిచి చూడరు.

ఆ జాబితాలో ఓఎల్ఈఆట్32, ఎస్‌టీడీఓఎల్ఈ2, కామ్‌క్యాట్ వంటి పేర్లు కనిపిస్తాయి. ఇవి విండోస్ సొంత ఫైళ్లు. 1998లో వీటి పాత ప్రతులను కొత్తవాటితో మార్చాల్సి వచ్చేది. ఇప్పుడు విండోస్ వీటిని రక్షిస్తుంది, సెటప్‌ను తాకనివ్వదు. అప్పుడు నమోదులో దోషం వచ్చిందని సెటప్ ఆగి, ‘అబార్ట్, రీట్రై, ఇగ్నోర్’ అని అడుగుతుంది. విండోస్‌లో ఇప్పటికే భాగమైన ఇలాంటి ఫైళ్ల దగ్గర ‘ఇగ్నోర్’ ఎంచుకోవడం సరైన పనే. పాత డేటాబేస్ భాగాలైన ఎండీఏసీ ఫైళ్లకూ ఇది వర్తిస్తుంది: విస్టా నుంచి అవి విండోస్‌లో అంతర్భాగం. ప్రోగ్రామ్‌తో మాత్రమే వచ్చే ఓసీఎక్స్ దగ్గర ‘ఇగ్నోర్’ నొక్కితే మాత్రం అదే దోషం రేపు 339గా తిరిగొస్తుంది. సిస్టమ్ ఫైళ్లు పాతబడ్డాయి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి అని చెప్పి, చేసిన ప్రతిసారీ మళ్లీ అదే చెప్పే సెటప్‌లు కూడా ఈ జాతివే. వాటిని వదిలేసి, ప్రోగ్రామ్ ఫైళ్లను సపోర్ట్ ఫోల్డర్ నుంచి చేత్తో కాపీ చేసి, అవసరమైన ఓసీఎక్స్‌లను ఒక్కొక్కటిగా నమోదు చేయడం తక్కువ శ్రమ.

429 దోషానికి ప్రోగ్రామర్ వైపు నుంచి వచ్చే కారణం ఒకటుంది. పాత ప్రతితో బైనరీ కంపాటబిలిటీ పెట్టుకోకుండా డీఎల్ఎల్‌ను మళ్లీ కంపైల్ చేస్తే దాని గుర్తింపు సంఖ్యలు మారిపోతాయి. పాత సంఖ్యతో అడిగే ప్రోగ్రామ్‌కు కొత్త డీఎల్ఎల్ నమోదై ఉన్నా దొరకదు. వాడుకరి ఎంత నమోదు చేసినా లాభం లేదు; రెండూ ఒకే విడుదలకు చెందినవి ఉండాలి.

నమోదు దోషాల్లా కనిపించేవి

డాట్‌నెట్‌తో చేసిన డీఎల్ఎల్‌ను రెగ్‌ఎస్‌వీఆర్32కు ఇస్తే నమోదు ఫంక్షన్ దొరకలేదంటుంది. అది దోషం కాదు, పరికరం తప్పు. వాటికి రెగ్‌ఏఎస్‌ఎం వాడాలి. ఫైలు ఎక్కడుందో కూడా రాయించే కోడ్‌బేస్ ఐచ్ఛికాన్ని జోడించాలి. మామూలు డీఎల్ఎల్‌లు, అంటే కామ్‌తో సంబంధం లేనివి, నమోదు కానే అక్కర్లేదు. ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో ఉంటే చాలు. కాంపొనెంట్‌కు లైసెన్స్ సమాచారం దొరకలేదన్న సందేశం మరొకటి. అది సాధారణంగా ప్రోగ్రామ్‌ను మార్చడానికి విజువల్ బేసిక్‌లో తెరిచినవారికి వస్తుంది. అక్కడ కావలసింది ఆ కంట్రోల్‌ను అమ్మినవారి డిజైన్ లైసెన్స్.

అసలు కారణం పట్టుకునే పరికరం

పైవేవీ తేల్చకపోతే మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్‌ల సిస్‌ఇంటర్నల్స్ నుంచి వచ్చిన ప్రాసెస్ మానిటర్ వాడాలి. మైక్రోసాఫ్ట్ దాన్ని ఉచితంగా ఇస్తుంది. వడపోతలో రెగ్‌ఎస్‌వీఆర్32 పేరు పెట్టి నమోదు ఆజ్ఞ నడిపితే, అది ఏ ఫైలును ఎక్కడెక్కడ వెతికిందో, రిజిస్ట్రీలో ఏ కీ దగ్గర అనుమతి లేదని ఆగిపోయిందో వరుసలుగా కనిపిస్తుంది. ‘దొరకలేదు’ అన్న వరుసలన్నీ తప్పులు కావు, ఎందుకంటే విండోస్ ఒక ఫైలు కోసం చాలా ఫోల్డర్లు తిరుగుతుంది. అన్ని చోట్లా వెతికి చివరకు ఎక్కడా దొరకని పేరే అసలు లోటు. విండోస్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ అయితే పూర్తి లాగ్ రాయించి, అందులో ‘రిటర్న్ వేల్యూ 3’ ఎక్కడుందో వెతికి, దానికి పై వరుసలు చదవాలి.

ప్రమాదాలు

డీఎల్ఎల్ ఫైళ్లను విడివిడిగా ఇచ్చే సైట్ల నుంచి తెచ్చుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఆ ఫైలు ఏ వెర్షనో, ఎవరు మార్చారో తెలియదు. ఎంఎస్‌కామ్‌సీటీఎల్ ఇందుకు మంచి ఉదాహరణ. అందులోని తీవ్రమైన భద్రతా లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2012 ఏప్రిల్‌లో ఎంఎస్12-027 బులెటిన్‌తో సరిచేసింది. వర్డ్ పత్రం తెరవగానే కంప్యూటర్‌ను పరుల వశం చేసే దాడులకు ఆ లోపాన్ని వాడారు. పాత సీడీలోని, లేదా ఎక్కడో దొరికిన పాత ప్రతిని కొత్తదాని మీద వేస్తే మూసిన రంధ్రాన్ని మళ్లీ తెరిచినట్టే. ఫైలు ప్రాపర్టీస్‌లో వెర్షన్, డిజిటల్ సంతకం చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ భాగాలను మైక్రోసాఫ్ట్ ప్యాకేజీల నుంచే తీసుకోవాలి.

అన్‌ఇన్‌స్టాల్ కూడా ప్రమాదమే. రెండు ప్రోగ్రామ్‌లు ఒకే ఓసీఎక్స్‌ను పంచుకుంటున్నప్పుడు, ఒకదాన్ని తీసేస్తూ దాని సెటప్ ఆ నమోదును రద్దు చేస్తే రెండోది కుప్పకూలుతుంది. తనను తాను నమోదు చేసుకునే ఈ పద్ధతే మూలంలో బలహీనమైనది. మధ్యలో విఫలమైతే ఎంత రాసిందో ఎవరికీ తెలియదు, వెనక్కి తీయడం సాధ్యం కాదు. విండోస్ ఇన్‌స్టాలర్ విషయంలో మైక్రోసాఫ్టే దాన్ని వాడవద్దని ప్యాకేజీ తయారీదారులకు చెప్పింది. విండోస్ ఎక్స్‌పీ నుంచి మానిఫెస్ట్ ఫైలు ద్వారా నమోదు లేకుండానే కామ్ భాగాలను వాడే వీలు వచ్చింది. సోర్సు కోడ్ చేతిలో ఉన్నవారికి ఇదే మేలైన మార్గం.

ఎంత చేసినా లొంగని ప్రోగ్రామ్‌ను వర్చువల్ మెషిన్‌లో, దాని కాలం నాటి విండోస్‌లో నడపవచ్చు. విండోస్ ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్‌తో ఆగిపోయాయి కాబట్టి ఆ మెషిన్‌ను ఇంటర్నెట్‌కు కలపకూడదు. పాత ప్రోగ్రామ్ మీద ఆధారపడిన ప్రతి ఒక్కరూ, అది ఇంకా నడుస్తున్న కంప్యూటర్ పాడవకముందే సీడీ ప్రతిని, డేటాను, ఆ ప్రోగ్రామ్ వాడే ఓసీఎక్స్‌లను వాటి వెర్షన్‌లతో సహా భద్రపరచుకోవాలి.